క్యారేజీలో మూడు మెదళ్ళు

ఫ్రిజ్‌లో ఉండాల్సిన మూడు మెదళ్ళూ మాయమైపోయాయి.

ప్రశాంతి ఫ్రిజ్ తలుపు మూసి, ఒక్క క్షణం ఆగి, మళ్ళీ తెరిచింది. పై అరలో గొర్రెల టీకా సీసాలున్నాయి. మధ్య అరలో ఐసు సంచీ ఉంది. కింది అరలో, నిన్న సాయంత్రం తన చేత్తో తానే పెట్టిన స్టీలు క్యారేజీ లేదు. అది ఉన్నచోట గుండ్రంగా తడి మిగిలింది.

సరిగ్గా అప్పుడే పై అంతస్తులోంచి మిరియాల వాసన ఘాటుగా కిందికి దిగింది. దాని వెనకే అంకాలమ్మ కేక.

"హేమా! మెదడు వేపుడు చల్లారిపోతాంది. రాయే తల్లీ!"

ప్రశాంతి ఫ్రిజ్ తలుపు విసిరికొట్టి పరుగెత్తింది.

కింద పశువుల క్లినిక్కు, పైన ఇల్లు. మార్కాపురంలో తర్లుపాడు రోడ్డు మీద ఉంటుంది ఆ మేడ. దాని మెట్లను ఆమె రెండేసి చొప్పున ఎక్కింది. వంటింటి గడప దగ్గర పీట వేసుకుని హేమలత కూర్చుని ఉంది. పురుటికి పుట్టింటికి వచ్చిన పిల్ల. నెలలు నిండాయి. ముద్ద కలిపి నోటి దాకా తెచ్చింది.

"తినొద్దు!"

ప్రశాంతి ఆ చెయ్యి పట్టుకుని లాగేసింది. ముద్ద వెళ్ళి గోడకు అంటుకుంది.

హేమలత గోడనీ, ఖాళీ చేతినీ మార్చి మార్చి చూసింది. "ఏందక్కా! ఆకలైతే అడగరాదూ?"

"అందులో మందుంది హేమా. విషం. ఎంత తిన్నావు? చెప్పు, ఎంత తిన్నావు?"

"తిననిస్తివా నువ్వు?"

అంకాలమ్మ గరిటెతో సహా బయటికి వచ్చింది. "ఏంది పాపా, నా చేతి వంట విషమా? మా ఇళ్ళల్లో చూలింతకు మెదడు పెట్టకుండా పురుడు పొయ్యం. బిడ్డకు తెలివొస్తది."

"అది కాదండీ. ఈ మెదడు ఎక్కడిది? కింద ఫ్రిజ్‌లోదేనా?"

"నాకేం తెల్సు? పొద్దున్నే మా ఆయన తెచ్చి పొయ్యి కాడ పెట్టి, మంద కాడికి పోయినాడు."

ప్రశాంతి బాణలిలో చెయ్యి పెట్టింది. చురుక్కుమంది. అయినా ఒక ముక్క తీసి రెండు వేళ్ళ మధ్య నొక్కింది. ఆమె వాడే ఫార్మలిన్ మందులో నాలుగు రోజులు ఊరిన మెదడు రబ్బరు ముక్కలా గట్టిపడుతుంది. ఇది వెన్నలా చిదికిపోయింది.

ఆమె అక్కడే నేల మీద కూలబడింది. "ఇది కాదు. ఇది మామూలు మెదడే."

"మామూలుది కాకుంటే ఇంకేంది?" అంకాలమ్మ గరిటె గుండెలకు ఆనించుకుంది. "కింద మనిషి మెదళ్ళు పెట్టినావా ఏంది?"

"గొర్రెవే. కానీ తింటే ఆసుపత్రే."

ఆ మెదళ్ళ కోసం ప్రశాంతి ఎండాకాలమంతా నల్లమల అంచున గొర్రెల వెంట తిరిగింది. సొంతూరు బేస్తవారిపేట. నాయన జీవానందం పలకల ఫ్యాక్టరీలో కోత మిషను మీద పనిచేస్తాడు. ఆమె హైదరాబాదులో పీహెచ్‌డీ చేస్తోంది. ఆమె పరిశోధనంతా ఒక ప్రొటీన్ చుట్టూ. పేరు సెక్రిటాగోగిన్. మెదడులోని కొన్ని నరాల కణాల్లోనూ, హార్మోన్లు విడిచే కణాల్లోనూ ఉంటుంది. కణంలోకి కాల్షియం వచ్చినప్పుడు దాన్ని పట్టుకుంటుంది. గడ్డి లేక ఎండిపోయిన గొర్రెలో అది పెరుగుతుందా, తగ్గుతుందా? ఇదీ ప్రశ్న.

జవాబు ఆ క్యారేజీలో ఉంది. వేసవి చివర మాంసం దుకాణానికి వచ్చిన బక్కచిక్కిన గొర్రెల మెదళ్ళు అవి. ఇప్పుడు తొలకరి పడింది. కొండకింద గడ్డి మొలిచింది. ఆకలిగొన్న గొర్రె మళ్ళీ వచ్చే ఎండాకాలం దాకా దొరకదు. అప్పటికి ఆమె ఫెలోషిప్పు ఉండదు. శుక్రవారం హైదరాబాదులో మెదడును పల్చటి పొరలుగా కోసే యంత్రం ఆమెకు కేటాయించారు. బస్సు ఈ సాయంత్రమే.

ప్లాస్టిక్ డబ్బాలు కారుతున్నాయని, హాస్టల్లో వాడిన మూడు గిన్నెల క్యారేజీలో పెట్టింది. పైన చీటీ కూడా అంటించింది, 'తినరాదు' అని. ఇంగ్లీషులో. తెలుగులో రాయాలని మాత్రం ఆమెకు తోచలేదు.

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. వీరాంజనేయులు వచ్చాడు. ఆ క్లినిక్కు డాక్టరు. తెల్లవారుజామున ఎక్కడో బర్రె ఈనలేకపోతుంటే వెళ్ళి, మోచేతుల దాకా బురదతో తిరిగొచ్చాడు.

"ఏం జరిగింది మేడమ్? మీ అరుపు రోడ్డు మీదికి వినపడింది."

"నా మెదళ్ళు పోయాయి."

"మూడూనా? ఒకటన్నా మిగిలి ఉంటే మాట్లాడుకోవచ్చు."

హేమలత ఫక్కున నవ్వింది. ప్రశాంతి నవ్వలేదు. ఆమె కళ్ళు అతని నడుముకు వేలాడుతున్న తాళాల గుత్తి మీద పడ్డాయి.

"డాక్టరు గారూ, కింద గది తాళం ఎవరి దగ్గరుంటుంది?"

"నా కాడ. ఏబేలు కాడ ఇంకోటి."

"నిన్న సాయంత్రం మీరు నాతో ఏమన్నారు?"

అతని నవ్వు ఆగింది. "ఏమన్నా?"

"ఆ బస్సు క్యాన్సిలైతే బాగుండు అన్నారు."

"తమాషాకు అన్నా."

"బస్సు క్యాన్సిల్ కాలేదు. క్యారేజీ అయింది."

అంకాలమ్మ కొడుకుని చూసింది. హేమలత అన్నని చూసింది. వీరాంజనేయులు ఎవరినీ చూడకుండా మెట్లు దిగాడు. చేతులు కడుక్కోవడానికి కొళాయి తిప్పాడు. నీళ్ళు అతని చేతుల మీద కంటే గోడ మీదే ఎక్కువ పడ్డాయి.

ప్రశాంతి వెనకే దిగింది. క్లినిక్కులో కాంపౌండరు ఏబేలు నేల తుడుస్తున్నాడు. చర్చిలో ఆమె వెనక వరసలో కూర్చునే మనిషి. వరసకు చిన్నాయన.

"చిన్నాయనా, ఫ్రిజ్‌లో నా క్యారేజీ చూసినావా?"

"ఆ క్యారేజా? స్వామన్న తీసుకపోయినాడు కదమ్మా."

ఇద్దరూ ఒకేసారి అతని వైపు తిరిగారు. స్వామన్న అంటే వెంకటస్వామి. వీరాంజనేయులు తండ్రి.

"నాయనా? ఎప్పుడు?"

"పొద్దున తాళం తీయమన్నాడు. తీసినా. క్యారేజీ సంచిలో ఏసుకొని ఆటో ఎక్కినాడు. వదిన రాత్రే అన్నం కట్టి ఫ్రిజ్‌లో పెట్టింటదిలే అనుకున్నా."



వెంకటస్వామి ప్రతి పొద్దునా అన్నం క్యారేజీతోనే మంద దగ్గరికి పోతాడు. ఇంట్లో వాళ్ళదీ స్టీలుదే, మూడు గిన్నెలదే. మధ్యాహ్నం కాపరులందరూ చెట్టు కింద చేరి, ఎవరి కూర వాళ్ళు మధ్యలో పెట్టి పంచుకుంటారు. ఆయన మూత తీస్తాడు. మెదడు కనపడుతుంది. అంకాలమ్మ ముద్దుగా కట్టిందనుకుంటాడు. మందులోంచి తీసి కడిగి ప్రశాంతి చక్కెర నీళ్ళలో వేసింది కాబట్టి పెద్దగా మందు వాసన కూడా రాదు.

వీరాంజనేయులు ఫోను చెవికి ఆనించాడు. కవరేజీ లేదని వచ్చింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ అదే.

"బండెక్కు," అన్నాడు. ఆ తొందరలో 'మేడమ్' పోయింది, 'మీరు' పోయింది.

ఆమె ఎక్కుతుంటే హేమలత పైనుంచి తొంగిచూసింది. "అక్కా! ఒక మాట!"

"తర్వాత హేమా!"

"ఊర్లో ప్రతి ఆడమనిషినీ పెద్దమ్మా అనో, అత్తా అనో పిలుస్తావు. మా అమ్మను మాత్రం ఏవండీ అంటావు. పెద్దమ్మంటే మా అన్న నీకు అన్నవుతాడనేనా?"

"ఇదా సమయం?"

"మరి అత్తా అని..."

బండి ముందుకు ఉరికింది. ఆ తర్వాతి మాట ఇద్దరికీ వినపడలేదు. వినపడనట్టే ఇద్దరూ కూర్చున్నారు.

*

ఊరు దాటేసరికి నల్లమల మీద మబ్బు నల్లగా దిగింది. ప్రశాంతి అతన్ని పట్టుకోలేదు. సీటు వెనక ఇనుప కడ్డీ పట్టుకుని కూర్చుంది. గుంత వచ్చినప్పుడల్లా కడ్డీ అరచేతిలో గుచ్చుకుంటోంది.

"ఆ మందు తింటే ఏమవుతుంది?" అడిగాడు అతను.

"కొంచెం తింటే వాంతులు. ఎక్కువ తింటే కడుపులో పుండు. నలుగురు పంచుకుంటే నలుగురికీ." ఆమె కడ్డీ మీద చెయ్యి మార్చుకుంది. "కడిగాను. చాలాసార్లు కడిగాను. అయినా లోపల ఉంటుంది."

అతను యాక్సిలేటరు తిప్పాడు.

మొదటిసారి ఇతన్ని చూసినప్పుడు ఇంత వేగం లేదు. బేస్తవారిపేటలో వాళ్ళ బర్రె ఈనిన మర్నాడే కాళ్ళు చాపేసి పడిపోయింది. అమ్మ సరోజమ్మ ఏడుస్తోంది. ఇతను వచ్చి, కాల్షియం సీసా తలకిందులుగా పట్టుకుని, నరంలోకి బొట్టు బొట్టుగా వదిలాడు. తొందరగా ఎక్కించండి అని ప్రశాంతి అరిచింది. తొందరపడితే గుండె ఆగిపోతది మేడమ్, మీ బర్రెదీ, నాదీ అన్నాడు. ఆ కాల్షియం ఏ కణాల్లోకి పోతోందో తెలుసా అని ఆమె నిలదీసింది. బర్రె లేస్తే చాలదా అన్నాడు. బర్రె లేచింది. లేచి ప్రశాంతి చున్నీ నమలడం మొదలుపెట్టింది. మర్నాడు ఆమె తన పరిశోధన గురించి చెబితే, మారుమాట లేకుండా తన ఫ్రిజ్‌లో కింది అర ఖాళీ చేసి ఇచ్చాడు.

అలాంటి మనిషి దొంగతనం చేస్తాడా?

చేయడు. మరి వాళ్ళ నాయన సరిగ్గా ఈ రోజే క్యారేజీ ఎలా మార్చుకుపోయాడు? ఆ ఫ్రిజ్ జోలికి ఎన్నడూ పోని మనిషి!

"ఒకటి అడుగుతాను. నిజం చెప్పు," అంది ఆమె. ఆమె నోట కూడా 'మీరు' పోయింది. "మీ నాయనకు నువ్వే చెప్పావా, ఆ క్యారేజీ తీసుకుపొమ్మని?"

"ఏంది?"

"నేను బస్సెక్కకూడదని."

"పిచ్చా నీకు? మా నాయన చేత విషం తినిపిస్తానా?"

"తింటాడని నీకు తెలియదు. దాచిపెడతాడనుకున్నావు."

"ప్రశాంతీ, నోరు మూసుకో. బండి పడేస్తా."

"మూసుకోవడం నీకు వచ్చినట్టు నాకు రాదు!" ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "కణంలో రెండు రకాల ప్రొటీన్లుంటాయి, తెలుసా? మొదటిది కాల్షియం దొరకగానే గట్టిగా పట్టుకుని గమ్మున కూర్చుంటుంది. బయటికి ఒక్క కబురు రానివ్వదు. నేను చదివేది ఆ రకం కాదు. అది కాల్షియం తగలగానే ఆకారం మార్చుకుంటుంది. పక్కవాళ్ళని తడుతుంది. హార్మోను మూటలు కణం దాటి బయటికి పోయేట్టు చేస్తుంది. అప్పుడే కదా ఒళ్ళంతటికీ కబురు తెలిసేది! నువ్వు మొదటి రకం. అన్నీ పట్టుకుంటావు. ఏదీ బయటికి రాదు. మాటలు రాని వాడే ఇట్లాంటి పనులు చేస్తాడు."

తర్లుపాడు రైల్వేగేటు పడి ఉంది. బండి ఆపాడు. ముందు ఒక లారీ, పక్కన ఆడవాళ్ళతో కిక్కిరిసిన ఆటో. గూడ్సు బండి గడగడమంటూ వచ్చింది.

అప్పుడు వీరాంజనేయులు వెనక్కి తిరిగాడు. అతని మెడ నరాలు ఉబ్బాయి. ఏదో అన్నాడు.

"ఏంటి?" అని అరిచింది ఆమె. గూడ్సు రొదలో ఏమీ వినపడటం లేదు.

"దొంగతనం చెయ్యలేదంటున్నా!" అతనూ అరిచాడు. "నీ పని నాకు తెలీదా? ఆ ఎండల్లో గొర్రెల వెంట తిరిగి నువ్వు వాంతి చేసుకుంటే నీళ్ళు పోసింది నేను కాదా? కరెంటు పోతే ఐసు కోసం గిద్దలూరు దాకా పోయినాను కదా! నీ పని చెడగొడతానా నేను?"

"మరి బస్సు క్యాన్సిల్ కావాలని ఎందుకన్నావు?"

"ఎందుకంటే..."

గూడ్సు చివరి పెట్టె గేటు దాటిపోయింది. రొద టక్కున ఆగింది. అతని గొంతు మాత్రం ఆగలేదు.

"...నువ్వంటే నాకు ప్రాణం కాబట్టి!"

ఆ మాట గేటు అవతలి వాళ్ళకు కూడా వినపడింది. లారీ క్లీనరు తల బయటపెట్టి చూశాడు. ఆటోలో ఆడవాళ్ళు మాటలు ఆపేశారు. వాన చినుకు ఒకటి బండి ట్యాంకు మీద టప్పున పడింది.

వీరాంజనేయులు చెవుల దాకా ఎర్రబడ్డాడు.

ఆటోలోంచి ఒక పెద్దావిడ ముందుకు వంగింది. "అమ్మాయ్, ఏదో ఒకటి చెప్పమ్మా. పిల్లోడు నలుగురిలో నిలబడిపోయినాడు."

"గేటు ఎత్తుతుండారు, బిరీన చెప్పు!" అంది ఇంకొకామె.

ప్రశాంతి గేటు వైపు చూసింది. కర్ర పైకి లేస్తోంది.

"ముందు గేటు దాటు," అంది.

"ఏందదీ? ఒప్పుకున్నట్టా, కాదన్నట్టా?" అని పెద్దావిడ పక్కావిడని అడగడం వెనకనుంచి వినపడింది. అదే ప్రశ్న బండి నడిపేవాడి వీపు మీద కూడా రాసి ఉంది. పట్టాల మీద బండి ఎగిరినప్పుడు ఆమె ఇనుప కడ్డీ వదిలేసి అతని చొక్కా పట్టుకుంది.

*

వాన అందుకుంది. మట్టిదారి జారుడైంది. కందిచేను గట్టు దగ్గర బండి బురదలో కూరుకుపోయింది. దాన్ని అక్కడే పడేసి పరుగు తీశారు. ఆమె చెప్పు ఒకటి బురద మింగేసింది. రెండోది ఆమే విసిరేసింది.

"పొద్దెంతయింది?"

"అన్నాల వేళ."

"ఇంకా ఎంత దూరం?"

"ఆ తుమ్మచెట్టు."

మంద కనపడింది. తడిసిన ఉన్ని వాసన ముందుగా వచ్చింది. తుమ్మచెట్టు కింద గోనెపట్టాలు కప్పుకుని ఇద్దరు కూర్చున్నారు. ఒకాయన వెంకటస్వామి. ఇంకొకాయన తోటి కాపరి అంకన్న. ఇద్దరి మధ్యా స్టీలు గిన్నెలు పరిచి ఉన్నాయి. అంకన్న చేతిలో తెల్లటి, గుండ్రటి, మెత్తటి ముక్క ఒకటి ఉంది. నోటి దగ్గరికి పోతోంది.

"అంకన్న మామా! ఆపు!" వీరాంజనేయులు అరిచాడు.

అంకన్న ఆపలేదు. కొరికాడు.

ప్రశాంతి ఎలా దూకిందో ఆమెకే తెలియదు. గొర్రెలు చెల్లాచెదరయ్యాయి. ఆమె రెండు చేతులతో అంకన్న దవడలు పట్టుకుంది. "ఉమ్మెయ్యి! మింగొద్దు! ఉమ్మెయ్యి!"

అంకన్న గుడ్లు తేలేసి ఉమ్మేశాడు.

తెల్లసొన. పచ్చసొన. కోడిగుడ్డు.

"అమ్మా తల్లీ," అన్నాడు అంకన్న, దవడ తడుముకుంటూ, "గుడ్డు తింటే గూడా తప్పా? శనివారం గూడా కాదే ఈ పొద్దు!"

ప్రశాంతి గిన్నెల్లోకి చూసింది. ఒకదాంట్లో సంగటి. ఒకదాంట్లో గోంగూర. ఒకదాంట్లో ఇంకో రెండు గుడ్లు. అంకాలమ్మ క్యారేజీ. అచ్చంగా అంకాలమ్మ క్యారేజీయే.

"మామా, స్టీలు క్యారేజీ ఇంకోటి తెచ్చావా?" ఆమె వెంకటస్వామి వైపు తిరిగింది. "పైన చీటీ ఉంటుంది. మూడు గిన్నెలు. ఎక్కడుంది మామా? ఎవరైనా తిన్నారా?"

వెంకటస్వామి కదల్లేదు. కొడుకు వైపు చూశాడు. ఆ బురద, ఆ తడి, ఆ ఎగశ్వాస చూశాడు. తర్వాత ఆమె వైపు చూశాడు. చేతిలో ముద్ద గిన్నెలో పెట్టి, తుండుగుడ్డతో చెయ్యి తుడుచుకున్నాడు.

"నాయనా," అన్నాడు వీరాంజనేయులు, "ఆ క్యారేజీ పొరపాటున తెచ్చినావు కదూ? చెప్పు. ఈమె నన్ను దొంగంటాంది."

ముసలాయన నిట్టూర్చాడు.

"నువ్వు దొంగవి కాదురా. అంత ధైర్యం నీకు యాడిది? నేనే తీసినా. పొరపాటున కాదమ్మా, తెలిసే తీసినా. కూర్చోండి ఇద్దరూ, రొప్పుతుండారు. అంకన్నా, నువ్వు ఆ గుడ్డు తిను, ఏమీ కాదు.

నీ క్యారేజీకి ఏమీ కాలేదు పాపా. ఎవురూ తినలేదు. తర్లుపాడు స్టేషను కాడ సోడాలంగడి ఫ్రిజ్‌లో పెట్టినా. చల్లదనం పోగూడదు, గడ్డకట్టగూడదు అని నువ్వు ఏబేలుకు చెప్తాంటే విన్నా. అంగడాయన మూత తీస్తాడేమోనని పిచ్చికుక్కల మందని చెప్పినా. ఈ పొద్దు ఆయన ఆ ఫ్రిజ్ తలుపు గూడా ముట్టుకోడు. ఒక్క సోడా గూడా అమ్మింటాడని నేననుకోను.

ఎందుకు తీసినావంటావా? మా మందలో ఒక్కోసారి ఒక గొర్రె మొండికేస్తది. వాగు దాటదు. అదిలించినా రాదు, కొమ్మ చూపించినా రాదు. అప్పుడు దాన్ని కొట్టం మేము. దాని పిల్లను సంకలో ఏసుకొని ముందు నడుస్తాం. ఇంక పిలిచే పనే లేదు. అరుచుకుంటా దానంతట అదే నీళ్ళల్లో దిగుతది. నీకు పిల్లంటే ఆ క్యారేజీనే కదా. దాన్ని ఎత్తుకున్నా. నువ్వొస్తావని తెలుసు. రావాలంటే వీడి బండే ఎక్కాలని గూడా తెలుసు. దారి పొడుగునా ఇద్దరే ఉంటారు, వీడు ఏదో ఒకటి వాగకపోతాడా అనుకున్నా.

వీడు చూలు గొర్రె పొట్ట మీద చెయ్యేస్తే లోపల పిల్లలెన్నో చెప్తాడు. నీకు మాత్రం ఒక్క మాట చెప్పలేడు. చెప్పరా అంటే రేపు చెప్తా నాయనా అంటాడు. రేపు రేపంటా ఎండాకాలం పోయింది. వాన వచ్చింది. నీ బస్సు గూడా వచ్చింది. నిన్న రాత్రి కంచం ముందర కూర్చొని, ముద్ద ముట్టకుండా లేచినాడు. వాళ్ళమ్మ ఎండదెబ్బ అనింది. వానలో ఎండదెబ్బ యాడిదమ్మా?

నేను చేసింది తప్పే. ఇంతమందికి గుండె ఆగేట్టు చేసినా. తిట్టు, పడతా. ఏందీ, నవ్వుతున్నావా? ఒరే అంజీ, గొర్రెల వైపు చూడబాకరా. కూర్చున్నకాడి నుంచి ఆ పాప నీ చొక్కా వదల్లేదు, నీకు తెలస్తాందా?

మీరు ఆదివారం చర్చికి పోతారు, మేము శనివారం ఆంజనేయస్వామి కాడికి పోతాం. మిగతా దినాలు రెండిళ్ళకీ ఖాళీనే కదా, ఆ దినాల్లో బతకలేరా మీరు?

సరే, ఇంక లేవండి. క్యారేజీ తీసుకొని సాయంత్రం బస్సెక్కు తల్లీ, నీ పని చెడగొట్టను. నిన్ను ఎక్కించేదానికి మీ నాయన జీవానందం గారు బస్టాండుకు వస్తాడంట కదా. మందను అంకన్నకు అప్పజెప్పి నేనూ వస్తా. కాకపోతే ఆయన ముందర నిలబడి ఏమని మొదలుపెట్టాలో మీరిద్దరే నాకు నేర్పియ్యాల. దొంగతనమైతే ఎవురూ చెప్పకుండానే చేసినా. పిల్లనడిగేది నాకు తెలవదు."